కోటలో లేని ఏనుగు

సూరత్‌లో మా ఖోలీలో, ఆ ఒక్క అద్దె గదిలో, పక్కల కంటే మనుషులం రెట్టింపు ఉండేవాళ్ళం. ఇందులో మా గొప్పేమీ లేదు. లింబాయత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే తెలుగోళ్ళ ఖోలీలన్నీ అంతే. ఒకడు దిన్‌పాళీకి పోతే, రాత్‌పాళీ చేసొచ్చినోడు అదే బొంత మీద ఒరిగేవాడు. మేం ఒక పూట పని చేస్తే ఒక పూట పడుకునేవాళ్ళం. రెండు పాళీలూ చేసింది మా బొంత ఒక్కటే.

ఆ బొంతలో నాకు సగం, మా బావకు సగం. చుట్టరికపు బావ కాదు. ఆయనది సిరిసిల్ల దిక్కు, నాది నల్లగొండ దిక్కు. ఇద్దరం నేతోళ్ళమే కదా, ఎక్కడో ఒక కాడ వరస కలవకపోతుందా అని ఆయన నన్ను బావా అన్నాడు, నేనూ ఆయన్ని బావా అన్నాను. "ఇద్దరూ బావలే అయితే మీలో చెల్లెను ఇచ్చినోడు ఎవడు, చేసుకున్నోడు ఎవడు?" అని మాకు అన్నం పెట్టే మెస్సు అక్క అడిగేది. "ఇద్దరం ఎదురుచూస్తున్నం అక్కా, ఎవడూ ఇస్తలేడు" అనేవాణ్ణి, బావకు ఊళ్ళో ఇంటామె ఉన్నా సరే.

పగలు నేను నడిపిన సాంచాలే రాత్రి ఆయన నడిపేవాడు. అవే సాంచాలు, అదే బొంత, తల కింద అదే మెత్త. ఆలుమగలు కూడా ఇన్ని వస్తువులు కలిపి వాడుకోరు. అయినా మేం ఒకరి మొహం ఒకరు చూసేది పాళీ మారేటప్పుడే, పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి, కార్ఖానాలో సాంచాల మధ్య సందులో నిలబడి. మిగతా పొద్దంతా ఆయన ఉన్నాడనటానికి గుర్తు దుప్పటి ఒక్కటే. నేను దాన్ని కుప్ప పోసి లేచేవాణ్ణి. ఆయన నాలుగు మూలలు సరిచూసి మడిచి, మెత్త మీద పెట్టి పోయేవాడు. నేను ఖోలీకి వచ్చేసరికి దుప్పటి మడత మీద ఉండేది. ఆయన వచ్చేసరికి కుప్ప ఉండేది. "నీ దుప్పటి చూస్తే రాత్రంతా ఎవనితోనో కుస్తీ పట్టినట్టున్నది బావా" అనేవాడు. "నీతోనే, నువ్వు లేవు గాబట్టి గెలిచిన" అనేవాణ్ణి.

అనేవాణ్ణి అంటున్నా గానీ, ఆ మాటలు నోటితో అన్నవి కావు. పాళీ మారినా సాంచాలు ఆపరు. ఒకడు పక్కకు జరుగుతాడు, ఇంకొకడు ఆ జాగాలో నిలబడతాడు, పోగు మోసే నాడె మాత్రం అటూ ఇటూ కొడుతూనే ఉంటుంది. ఆ మోతలో చెవిలో నోరు పెట్టి అరిచినా గాలి తగులుతుంది గానీ మాట తగలదు. అందుకని అక్కడ అందరం చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. రెండు వేళ్ళు కత్తెర లాగా ఆడిస్తే పోగు తెగుతున్నదని. గాలిలో పెద్ద పొట్ట గీస్తే సేటు వస్తున్నాడని. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. కొత్తగా వచ్చినోడికి ఇది రావటానికి ఒక వానాకాలం పట్టేది. ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరికొకరం వద్దనుకొని విడిపోయినా, ఈ చదువులో మాత్రం నేను ఫస్టు. సేటు పొట్టే కాదు, సేటు నడకా, సేటు తుమ్మూ కూడా వేసి చూపించేవాణ్ణి. అవతలి వరుసలో ఉన్న ఒరియావాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

అట్లాంటి రోజుల్లో టీవీలో రాణి సీరియల్ మొదలైంది. దాని అసలు పేరు వేరే ఉంది గానీ మేమెవ్వరం ఆ పేరుతో పిలవలేదు. రాజుల కాలం కథ. రాజు యుద్ధానికి పోయి పట్టుబడతాడు. వస్తాడో రాడో తెలియదు. రాణి ఆయన కత్తి నడుముకు కట్టుకొని, దర్బారులో కూర్చొని, కోటను కాపాడుతుంటుంది. పొద్దు గూకగానే బురుజు మీదికి ఎక్కి ఒక దీపం పెడుతుంది, రాజు దూరం నుంచి వచ్చినా దారి తెలియాలని. ప్రతి వారం కథ ఆ దీపం మీదే ఆగేది.

సీరియల్ ఆదివారం పొద్దున పదింటికి. మా ఏరియాకు కరెంటు సెలవు శుక్రవారం, ఆ రోజే పాళీలు తారుమారయ్యేవి. కాబట్టి ఈ ఆదివారం రాత్‌పాళీ చేసొచ్చినోడికి రాణి దక్కితే, వచ్చే ఆదివారం ఇంకొకడికి దక్కేది. రాత్రంతా నిలబడి వచ్చి, పడుకోకుండా, కండ్లల్లో నీళ్ళు కొట్టుకొని, మెస్సు అక్క ఇంట్లో గోడకు ఆనుకొని చూసేవాళ్ళం. అక్క టీవీకి చెక్క తలుపులుండేవి. పదింటికి ఆ తలుపులు తెరుస్తుంటే గుడిలో గర్భగుడి తెరిచినట్టు అందరం సర్దుకొని కూర్చునేవాళ్ళం. ఆ ఇంటి ఓనరైన గుజరాతీ ముసలమ్మ కూడా తన పీట తాను తెచ్చుకొని వచ్చేది. ఆమెను అందరం బా అనేవాళ్ళం.

ఇట్లా నేను సగం సీరియల్ చూశాను, బావ సగం చూశాడు. నా సగం ఆయనకు నేను చెప్పాలి, ఆయన సగం నాకు ఆయన చెప్పాలి. ఎప్పుడు? ఆదివారం సాయంత్రం ఏడింటికి, సాంచాల మోతలో, చేతులతో. నెత్తి మీదికి కొంగు లాగినట్టు చేస్తే రాణి. మీసం తిప్పితే రాజు. చెయ్యి ఎత్తి వేళ్ళు వణికిస్తే దీపం. బావ చెప్పేది దుప్పటి మడిచినట్టే ఉండేది, మూలలు సరిచూసి, ఒక్క సంగతి కూడా వదలకుండా. నేను చెప్పేది నా దుప్పటి లాగానే ఉండేది.

ఆ సీరియల్ హిందీ మన బజారు హిందీ కాదు, దర్బారు హిందీ. సగం నాకు అర్థమయ్యేది కాదు. అర్థం కాని సగాన్ని ఖాళీగా వదిలిపెడితే బావకు అన్యాయం చేసినట్టు కదా. అందుకని కొన్ని నేను నింపేవాణ్ణి. అట్లా నింపిన వాటిలో ఒకటి ఏనుగు. ఒక ఆదివారం కథలో ఏమీ జరగలేదు, అందరూ నిలబడి మాట్లాడుకున్నారు. ఇంతసేపు నిలబడి మాట్లాడుకున్నారని బావకు ఏం చెప్పను? ముక్కు ముందు చెయ్యి వేలాడదీసి ఊపాను. రాణికి ఒక ఏనుగుందని, అది ఆమె చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ మేత తినదని, రాజు పోయినప్పటి నుంచి కోట వెనక నిలబడి బెంగ పెట్టుకుందని చెప్పాను. బావ పోగులు ముడివేయటం ఆపి చూశాడు. ఆ ఏనుగు ఆయనకు బాగా నచ్చింది. ఇక వారం వారం దానికి మేత పెట్టటం నా పని అయింది.

తన వంతు వచ్చినప్పుడల్లా బావ ఏనుగు కోసం వెతికేవాడు. సాయంత్రం వచ్చి కథంతా చెప్పి, చివరికి చెయ్యి వేలాడదీసి, అరచేయి తిప్పేవాడు. ఏనుగు ఏదీ అని. నేను రెండు చేతులతో మొహం కప్పుకొని చూపించేవాణ్ణి. నిన్ను చూస్తే దానికి సిగ్గు అని.

ఒక శుక్రవారం కరెంటు సెలవుకు ఇద్దరం డుమస్ పోయాం. సముద్రం దగ్గర టమాటా భజ్జీలు కొనుక్కొని ఇసుకలో కూర్చున్నాం. అక్కడ మోత లేదు. అలల చప్పుడు ఉంది గానీ, సాంచాల చప్పుడుకు అలవాటు పడ్డ చెవికి అదొక చప్పుడా. ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియలేదు. నోటితో మాట్లాడితే ఆయన గొంతు నాకు కొత్తగా ఉంది. నా గొంతు ఆయనకు కొత్తగా ఉన్నట్టుంది.

"నువ్వు సాంచాల కాడ మంచిగుంటవు బావా. గీడికొస్తే మామూలోనివే" అన్నాడు.

"పైసలిచ్చి బస్సెక్కి వచ్చిన, జర మర్యాదియ్యి" అన్నాను.

ఆయన నవ్వి, భజ్జీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. సముద్రం వైపు చూస్తూ అన్నాడు, "మా అన్న భీవండి రమ్మంటున్నడు. ఆడ సాంచాల పనుందంట, ఖోలీ కూడ దొరికిందంట. ఇంటామెను తీస్కొచ్చుకోవచ్చు అంటున్నడు."

నా కాగితాన్ని ఉండ చుట్టాను.

"మరి ఎప్పుడు పోతవు?" అన్నాను.

"రాణి సంగతి తేలనీ. ఇన్ని దినాలు చూసి నడుమల ఎట్ల ఇడిసిపెడ్త? రాజొచ్చినంక పోత."

ఆ రోజు నుంచి నాకు రాజు మీద కోపం మొదలైంది. మిగతా వాళ్ళందరూ రాజు రావాలని మొక్కుతుంటే, శత్రువులు ఆయన్ని జర గట్టిగా పట్టుకుంటే బాగుండని నేను కోరుకునేవాణ్ణి. నా వంతు ఆదివారాల్లో రాజు సంకెళ్ళు తెంచుకుంటే, సాయంత్రం బావకు చెప్పేటప్పుడు ఒక సంకెల మళ్ళీ వేసేవాణ్ణి. ఆయన పోతే ఖోలీలో ఇంకొకడు వస్తాడు, బొంత ఖాళీగా ఉండదు, అది నాకు తెలుసు. నేను ఒక్కణ్ణే అయిపోతానని భయపడేటంత ఖాళీ ఖోలీ కాదు అది. కానీ పొద్దంతా నాకు జరిగినవి, నేను చూసినవి, సాయంత్రం ఏడింటికి చెప్పాలని లోపల పేర్చుకునేవాణ్ణి. ఆ పేర్చుకున్నవన్నీ ఎవరికి దించాలి?

సీరియల్ ఆఖరి వారం నా వంతుకు వచ్చింది. ఆఖరిదని కథ మొదలయ్యే ముందే టీవీలో చెప్పారు. అక్క ఆ పొద్దున పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చుంది. బా తన పీట ముందుకు జరుపుకుంది.

రాజు వచ్చాడు. గడ్డం పెరిగి, చినిగిన బట్టలతో, గుర్రం దిగి కోట ముందు నిలబడ్డాడు. పెద్ద దర్వాజా తెరిచారు. అందరూ పూలు చల్లారు. రాణి ఎదురొచ్చింది, ఏడవలేదు, నవ్వలేదు. నడుముకున్న కత్తి విప్పి ఆయన చేతిలో పెట్టింది. బురుజు ఎక్కింది. దీపాన్ని చేత్తో ఆర్పింది. ఆ తర్వాత దిగి, ఎవరూ చూడకుండా, కోట వెనక ఉన్న చిన్న తలుపు తీసుకొని ఒక్కతే బయటికి నడిచి పోయింది. ఎక్కడికో చెప్పలేదు. ఎందుకో చెప్పలేదు. చిన్న తలుపు గాలికి కొట్టుకుంటుంటే పేర్లు పడ్డాయి.



"గింతేనా?" అంది అక్క. "గిదేం కథరా. ఇన్నేండ్లు దీపం పెట్టి, ఆయన ఇంటికొచ్చిన దినమే ఈమె పోవుడేంది?"

"సారూ కర్యూ" అంది బా. మంచి పని చేసిందని.

"ఏం మంచి బా? ఆద్మీ ఘర్ ఆయా, ఔర్ యే చలీ గయీ" అని అక్క హిందీలోకి దిగింది.

బా తన పీట ఎత్తుకుంటూ, ఆయన లేనప్పుడు ఆమె కోటకు రాజు, ఆయన వచ్చాక వంటింటికి రాణి, ఇంకేం చేస్తుంది అని గుజరాతీలో అంది. అక్క మెత్తబడలేదు. "అట్లయితే రాజును మళ్ళ జైలుకు పంపియ్యాలె గని, ఈమె పోవుడేంది?" అంది. గోడకు ఆనుకున్న వాళ్ళలో ఒకడు రాణికి ఇంకెవరో ఉండొచ్చన్నాడు. అక్క వాడి వైపు ఒక చూపు చూసింది, వాడికి ఆ పూట రెండోసారి అన్నం పడలేదు. ఇంకొకడు, ఆమె అలసిపోయింది అంతే అన్నాడు. రాత్‌పాళీ చేసొచ్చినోడు కదా, వాడికి అందరూ అలసిపోయినట్టే కనిపిస్తారు. ఇంతలో మాడు వాసన వచ్చింది. ఆ వేళ మేమందరం మాడిన పప్పు తిన్నాం. ఏ పక్షమోళ్ళకైనా అదే పప్పు.

నేను ఏ పక్షమో నాకు తెలియలేదు. ఒకరు లోపలికి వస్తుంటే ఒకరు బయటికి పోవటం నాకు కొత్త సంగతి కాదు. పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ మేం చేసేది అదే. కానీ మేం మళ్ళీ వచ్చేవాళ్ళం.

ఆ పగలు నాకు నిద్ర పట్టలేదు. బావకు ఏం చెప్పాలి? రాజు రాలేదని చెప్పొచ్చు. సీరియల్ ఇంకా ఉందని చెప్పొచ్చు. నా చేతులు అంతకంటే పెద్ద అబద్ధాలే ఆడాయి. కానీ భీవండిలో ఖోలీ ఆగదు, ఊళ్ళో ఆయన ఇంటామె కూడా ఏదో ఒక దీపం పెట్టుకునే ఉంటుంది కదా. సాయంత్రం పోయి, సాంచాల మధ్య నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీసం. దర్వాజా. కత్తి. దీపం ఆరటం. కొంగు. చిన్న తలుపు. రెండు చేతులూ దులిపాను, అయిపోయిందని.

బావ నవ్వాడు. చూపుడు వేలు ఊపాడు. ఆటలొద్దని.

నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఒట్టేశాను. అది చూసి ఇంకా ఎక్కువ నవ్వాడు. నా ఒట్టు ఎన్నిసార్లు చూసినోడు. ఆయన చేతులు ఏమన్నాయంటే, రాజు వస్తే రాణి పోతుందా, నేను పోతానని నువ్వు అల్లుతున్నవు, వచ్చే ఆదివారం నా వంతు కదా, నేనే చూస్తా. అని సాంచాలు నాకు అప్పజెప్పి, మెడ మీద పోగుల దుమ్ము దులుపుకొని పోయాడు.

నా జన్మలో మొదటిసారి ఉన్నమాట చెబితే అది నాకు ఒక వారం సంపాదించి పెట్టింది. ఆ వారం నేను చాలా సంతోషంగా ఉండాలి. లేను. పొద్దున సాయంత్రం ఆయన్ని చూసినప్పుడల్లా, ఈ వారం మిగిలిపోయిన అన్నం లాంటిదని, ఎక్కువ పొద్దు నిలవదని తెలుస్తూనే ఉంది.

శుక్రవారం పాళీలు మారాయి. ఆదివారం నేను సాంచాల దగ్గర ఉన్నాను, బావ అక్క ఇంట్లో టీవీ ముందు ఉన్నాడు. పదింటి నుంచి నాకు చెయ్యి ఆడలేదు. ఏమీ రాదని తెలుసు. చూసి, నేను చెప్పింది నిజమని తెలుసుకొని, సాయంత్రం వచ్చి ఏమంటాడో అని చూస్తున్నాను.

ఏడింటికి వచ్చాడు. సందులో నిలబడ్డాడు. ముందు ఏ సాంచాలో పోగు తెగుతున్నదో నన్ను అడిగాడు. చూపించాను. తర్వాత తన చేతులు పైకి లేపాడు, కథ చెప్పేటప్పుడు లేపినట్టు.

కొంగు. చిన్న తలుపు. రాణి బయటికి వచ్చింది. చీకటి. నడుస్తున్నది. నది ఒడ్డు వచ్చింది. అప్పుడు బావ తన చేతిని ముక్కు ముందు వేలాడదీశాడు. మెల్లగా ఊపాడు. కోట వెనక బెంగ పెట్టుకొని నిలబడ్డ ఏనుగు ఆమెకంటే ముందే వచ్చి నది ఒడ్డున నిలబడి ఉందని చెప్పాడు. అది మోకాళ్ళ మీద వంగింది, ఆమె ఎక్కింది. వెనక నుంచి మీసం పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆయన్ని కూడా ఎక్కించుకుందా లేదా అని నేను కనుబొమ్మలతో అడిగాను. ఆయన భుజాలెగరేశాడు. ఏనుగుకు తెలుసు, నాకేం తెలుసు అని.

మూలలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎప్పుడూ మడిచినట్టే మడిచాడు.

ఆ ఏనుగు ఎక్కడ పుట్టిందో మా ఇద్దరిలో ఒకడికి మాత్రమే తెలుసని ఇన్నాళ్ళు అనుకున్నాను. నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. పక్కకు జరిగాను, నా జాగాలో ఆయన నిలబడ్డాడు, నాడె కొడుతూనే ఉంది.

ఆ తర్వాత కొన్ని రోజులకు ఒక పొద్దున నేను పాళీకి పోయాను. బావ ఎప్పటిలాగే సాంచాలు అప్పజెప్పాడు. పోగు తెగే సాంచా చూపించాడు, పోగు చుట్టిన కండెల పెట్టె చూపించాడు. మా కార్ఖానాకు ముందు పెద్ద షట్టరుంది, అందరం అటే పోయేది. వెనక కండెల సంచులు దించే ఒక చిన్న తలుపుంది. బావ ఆ రోజు వెనక తలుపు వైపు నడిచాడు. నెత్తి మీదికి కొంగు లాగినట్టు చేసి, నా వైపు ఒకసారి చూసి, వంగి బయటికి పోయాడు. నేను పొట్ట పట్టుకొని నవ్వాను. ఒరియావాళ్ళు కూడా నవ్వారు. ఇన్నాళ్ళకు నా విద్య ఈయనకు వచ్చిందనుకున్నాను.

సాయంత్రం ఏడింటికి సాంచాల సందులోకి వేరే మనిషి వచ్చి నిలబడ్డాడు.

ఖోలీకి పోయాను. దుప్పటి పొద్దున నేను కుప్ప పోసినట్టే ఉంది.

నేనే తీసి మడవబోయాను. మూలలు కలవలేదు.

మళ్ళీ నా వంతు ఆదివారం వచ్చింది. రాత్‌పాళీ దిగి, పడుకోవాల్సినోణ్ణి, అలవాటుగా అక్క ఇంటికి పోయాను. టీవీ తలుపులు మూసి ఉన్నాయి. అక్క మెంతికూర తుంపుతున్నది.

"ఏం రాదు గదరా, ఎందుకొచ్చినవు?" అంది.

"నీ మొహం జూద్దామని."

"మీ బావ కూడ గిట్లనే జేసిండు పోయిన సారి. ఏం రాదు బిడ్డా అంటె ఇనడే. పంటల ముచ్చట ఏదో వస్తుంటె గంటసేపు దాన్నే చూసుకుంట కూసున్నడు. పోయేటప్పుడు ఒక్కటి అడిగిండు. అక్కా, సీరియల్ల ఏనుగు ఉండెనా అని."

"నువ్వేం జెప్పినవు?"

"ఏం జెప్తా? మొదటి సంది చూసిన, గుర్రాలు తప్ప ఏనుగు యాడిదిరా అన్న. ఏమనకుంట నవ్వుకుంట పోయిండు." అక్క కూర పక్కకు పెట్టి నా వైపు చూసింది. "గింతకూ ఏ ఏనుగురా అది?"

చెప్పాలనుకున్నాను. నా చెయ్యి దానంతట అదే లేచి ముక్కు ముందు వేలాడింది, మెల్లగా ఊగింది. కోట వెనక నిలబడ్డది అని చూపించాను. ఆమె చేతిలో తప్ప తినదు అని చూపించాను.

"గీడ సాంచాలు నడుస్తలేవు కదరా" అంది అక్క. "నోటితోని చెప్పు."

ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆమె పక్కన కూర్చొని మెంతికూర తుంపటం మొదలుపెట్టాను.